ఖలీల్‌వాడి బండి, షక్కర్‌నగర్ చక్కెర

సాయంత్రం ఆరున్నర దాటిందంటే నిజామాబాద్ ఖలీల్‌వాడిలో రెండు వాసనలు కలిసిపోతాయి. ఒకటి ఆసుపత్రుల ఫినాయిల్ వాసన. రెండోది రోడ్డు పక్కన కాలుతున్న కడాయిలో పడ్డ ఎల్లిగడ్డ, సోయా సాస్ వాసన. ఊళ్లోని డాక్టర్లంతా ఒక్కచోట కూడినట్టుండే పేట ఇది. బాల్కొండ నుంచో బాన్సువాడ నుంచో పొద్దున పేషెంట్‌ను పట్టుకుని వచ్చినవాళ్లకు రాత్రికి కడుపులో ఏదో ఒకటి పడాలి. హోటల్లో కూర్చునే తీరిక ఉండదు, మందుల చీటీ చూశాక అంత ధైర్యమూ ఉండదు. అందుకే బండి దగ్గరికొస్తారు. తలకు రుమాలు చుట్టిన పెద్దాయన ఒకాయన ఓ రోజు నా పక్కనే నిలబడి, "బిడ్డా, ఆ సేమ్యాలెక్క ఉన్నది ఒకటియ్యి, కారం జర తక్కువెయ్యి" అన్నాడు. బండి అతను నవ్వలేదు. ఎగ్ నూడుల్స్, హాఫ్ ప్లేట్, కారం తక్కువ అని తనలో తాను అనుకుని పని మొదలుపెట్టాడు. ఆ బండి మీద నాకు అభిమానం పుట్టింది అప్పుడే.

హైదరాబాద్‌లో ఉండే మిత్రుడొకడు "మీ ఊళ్లో ఏషియన్ రెస్టారెంట్లు ఏమున్నాయిరా?" అని అడిగితే మొదట తెల్లమొహం వేశాను. పెద్ద నగరాల్లో సుషీ, రామెన్ దొరికే చోట్లకు ఆ పేరట. మాకు ఆసియా నాలుగు చక్రాల బండి మీద వచ్చింది. బస్టాండ్ దగ్గర, పులాంగ్ చౌరస్తాలో, వినాయక్‌నగర్‌లో ఎక్కడ చూసినా ఎర్ర అక్షరాల్లో 'చైనీస్ ఫాస్ట్ ఫుడ్' అని రాసి ఉంటుంది. కడాయి తిప్పే పిల్లలు చాలాచోట్ల ఒడిశా, బెంగాల్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల తెలుగులో 'పార్సలా, ఇక్కడనా' అన్న రెండు మాటలు మాత్రం మనకంటే స్పష్టంగా పలుకుతాయి.

ఆ పని చూడ్డమే ఓ వినోదం. బర్నర్ బుస్సుమంటుంది. నూనెలో ఎల్లిగడ్డ ముక్కలు, ఆ వెంటనే గుడ్డు, గుప్పెడు క్యాబేజీ, క్యారెట్. ముందే ఉడికించి, నూనె రాసి ఆరబెట్టిన నూడుల్స్. సోయా, వెనిగర్, మిరియాల పొడి, ఓ చిటికెడు టేస్టింగ్ సాల్ట్. మూడు నిమిషాల్లో అయిపోతుంది. ప్లేటుకు పాలిథిన్ కవర్ తొడిగి అందులో వేసిస్తారు. కడగడానికి నీళ్లెక్కడివి మరి! వేడి వేడిది ప్లాస్టిక్ మీద పడడం మంచిది కాదని నాకూ తెలుసు. తెలిసీ తింటాను, ఇంట్లో చెప్పను.

ఇదంతా నిజంగా చైనాదేనా అంటే సగమే నిజం. హక్కా నూడుల్స్‌కు ఆ పేరు చైనా నుంచి కలకత్తాకు వలస వచ్చిన హక్కా జనం వల్ల వచ్చింది. టాంగ్రాలో తోళ్ల పరిశ్రమలు నడిపింది ఎక్కువగా వాళ్లే. మనం మంచూరియా అని ముద్దుగా పిలుచుకునేదైతే అసలు మంచూరియా వాళ్లకే తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో దాన్ని మొదటిసారి వండాడని చెబుతారు. అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి మనవే. గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ వేశాడట. కార్న్‌ఫ్లోర్ అంటే మక్కల పిండి పదార్థమే కదా. ఆర్మూర్ వైపు పొలాల్లో మక్కలు చూసినప్పుడల్లా నాకు గోబీ మంచూరియా గుర్తొస్తుంది, ఏం చేయను! కాకపోతే హోలీ రంగులాంటి ఎర్ర గోబీని మాత్రం నేను ముట్టను. కర్ణాటకలో 2024 మార్చిలో ఆ కృత్రిమ రంగులను నిషేధించారు. రంగు లేకపోతే గిరాకీ రాదని బండ్లవాళ్లు అంటారు గానీ, నా ఖలీల్‌వాడి బండి అతను రంగు వేయడు, గిరాకీ తగ్గిందీ లేదు.

తూర్పు నుంచి నూడుల్స్ వస్తే, పడమర నుంచి షవర్మా, మందీ వచ్చాయి. గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు మన జిల్లాలో వెతకాల్సిందే. దుబాయ్ నుంచో సౌదీ నుంచో వచ్చినవాడు అత్తరు సీసాతో పాటు నాలుకకు అంటిన రుచినీ తెచ్చుకుంటాడు. బోధన్ రోడ్డు వైపు పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కింద కూర్చుని మందీ తింటుంటే, బయట నిప్పు ముందు షవర్మా కోడి నెమ్మదిగా తిరుగుతుంటుంది. తిప్పడం అన్న అర్థమున్న టర్కీ మాట నుంచే దానికా పేరు వచ్చింది. 2024 అక్టోబర్ చివర్లో ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు ఈ షవర్మా బండ్లు, మోమోల బండ్లు కొన్నాళ్లు వెలవెలబోయాయి. నాకైతే ఆ తెల్ల ముద్ద లేని షవర్మాయే బాగుంది.

కానీ నేను బస్సెక్కి మరీ పోయి తినే బండి బోధన్‌లో ఉంది. ఎడపల్లి దాటాక దారి పొడవునా చెరకు కనబడాలి, ఇప్పుడు వరే ఎక్కువ. బోధన్ వాళ్లు 'ఆసియా' అన్న మాట నూడుల్స్ కంటే చాలా ముందే విన్నారు. 1937లో షక్కర్‌నగర్‌లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకునేవారు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. మళ్లీ తెరిపించే దారి వెతకడానికి 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది.

బండి నడిపే అతని తండ్రి ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడు. కొడుకు దుబాయ్‌లో హోటల్ వంటింట్లో గిన్నెలు కడగడానికి పోయి, అక్కడి నేపాలీ వంటవాడి పక్కన నిలబడి కడాయి పట్టడం నేర్చుకున్నాడు. నాలుగేళ్లకు తిరిగొచ్చి బండి పెట్టుకున్నాడు. "మళ్ల పోవా?" అని అడిగితే, "ఏజెంట్ ఫోన్ చేస్తనే ఉంటడు సార్. నెలకు ఇక్కడి కంటే ఎక్కువే వస్తది. కానీ బాపుకు షుగర్ వచ్చింది, చూసెటోళ్లు లేరు" అన్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసినాయనకు షుగర్ అన్నది తనకే విచిత్రంగా తోచిందేమో, చిన్నగా నవ్వాడు. తండ్రి పక్కనే స్టూలు మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. ఆయన నవ్వలేదు.

ఆ బండి మంచూరియాలో పులుపు, కారం ఒకదాన్నొకటి కొట్టుకోవు. కారణం అడిగితే, గ్రేవీలో చివర్న వేసే చిటికెడు చక్కెర అని చెప్పాడు. సోయా ఉప్పును, వెనిగర్ ఘాటును అది సర్దుతుందట. హిందీలో చక్కెరను చీనీ అంటారు కదా, చైనా వంటలో చీనీ వేయడం న్యాయమే అనుకున్నాను.

"ఎక్కడి చక్కెర ఇది?" అని అడిగాను.

కొడుకు కడాయి తిప్పుతూనే ఉన్నాడు. పెద్దాయన కత్తి పక్కన పెట్టి, డబ్బాలో నాలుగు పలుకులు తీసి అరచేతిలో వేసుకుని బల్బు వెలుగులో చూశాడు.

"మహారాష్ట్రది సార్" అన్నాడు. "పలుకు సన్నగుంది. మాది ఇంకింత లావుండేది."

పలుకులు మళ్లీ డబ్బాలో వేసి, చెయ్యి తుడుచుకుని, ఇంకో ఉల్లిగడ్డ అందుకున్నాడు.