మరక తుడిచే చెయ్యి

ఆ ఆదివారం సెమినార్ పేపర్ రాసుకుంటూ కింద చాప మీద కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నకల్లా ఇవ్వాలి. పక్కనే మా పాప బొమ్మలు వేసుకుంటోంది. ఆరేళ్ళ పిల్ల. మోచెయ్యి తగిలి బ్రష్షులు కడిగే గ్లాసు దొర్లింది. నీలం నీళ్ళు నా కాగితాల మీదుగా, గచ్చు మీదుగా, అద్దె ఇంటి తెల్ల గోడ అంచుదాకా పారాయి.

"ఆడపిల్లవి, ఇల్లు ఇలాగేనా పెట్టేది? లే, గుడ్డ తెచ్చి తుడువు!" అని అరిచాను.

అరిచాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. మా అమ్మ మాట అది. అమ్మకి వాళ్ళమ్మ చెప్పిన మాట. పాప ఏడుస్తూనే తుడిచింది. రంగులు డబ్బాలో సర్దేసి "ఇంక వెయ్యనమ్మా" అంది. అంతకు ముందురోజే మా బాబు బురదకాళ్ళతో హాల్లోంచి వంటింటిదాకా నడిచాడు. వాడు పాపకంటే నాలుగేళ్ళు పెద్ద. వాణ్ణి ఒక్క మాటా అనలేదు. కొంగు దోపుకుని నేనే తుడిచాను.

ఇంటిపని గురించి, కనిపించని శ్రమ గురించి నేను సభల్లో మాట్లాడతాను. 2019లో మన దేశంలో జరిగిన కాల వినియోగ సర్వే అంకెలు ఆ పేపర్లోనే ఉన్నాయి. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చించేవారు అప్పట్లో. ఆరేళ్ళు నిండిన వాళ్ళందరినీ ఆ సర్వే లెక్కలోకి తీసుకుంది. రాసేటప్పుడు ఆ వయసు నాకొక వివరం మాత్రమే. తడిసిన కాగితాన్ని ఫాను కింద ఆరబెడుతుంటే అర్థమైంది, మా పాపని ఆ లెక్కలో చేర్చింది నేనేనని.

మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆమెని గోడ అంచు కాస్త గట్టిగా రుద్దమన్నాను. "పిల్లలన్నాక గీస్తరు కదమ్మా. మా పిల్ల బొగ్గుతోని గోడంత గీస్తది. మళ్ళ సున్నం ఏసేదాక ఉంచుతం" అంది రుద్దుతూనే. నాకు సిగ్గేసింది. మా పాప బొమ్మలకీ, నా రాతకీ కూడా ఖరీదు ఆమె మోకాళ్ళే కడుతున్నాయి.

మరకలు పడకుండా ఉండాలంటే బొమ్మలు మాన్పించెయ్యమన్నాడు మా ఆయన. నేను వేరే ఏర్పాటు చేశాను. బాల్కనీలో పాత లుంగీ, దానిమీద న్యూస్ పేపర్లు. గ్లాసు బదులు అడుగు వెడల్పుగా ఉండే బరువైన గిన్నె, అందులో సగానికే నీళ్ళు. వాడకుండా పడున్న ఇడ్లీ రేకు గుంటల్లో చెంచాడు చెంచాడు రంగు. వాళ్ళ నాన్న పాత చొక్కా ముందువెనకలుగా తొడిగితే గౌనుకి అంటదు. రంగులు కూడా నీళ్ళతో కడిగితే పోయేవే కొంటున్నాను. అక్రిలిక్, ఫాబ్రిక్ పెయింట్ ఆరాయంటే బట్టని వదలవు. చేతికందేలా ఒక తడిగుడ్డ. తడి ఆరకముందే తుడిస్తే సగం చాకిరీ తప్పుతుంది.

ఇవన్నీ ఒక్క పూటలో అమిరాయి. పని పంచడమే కష్టమైంది. బ్రష్షులు, గిన్నె కడగడం పిల్లలిద్దరిదీ. బాల్కనీ తుడవడం మా ఆయనది. పనిచేసే ఆమెని ఆ మూల వదిలెయ్యమన్నాను. మొదటి వారం మా బాబు "అది చెల్లి పని కదా" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో అడగక్కర్లేదు. మా ఆయన ఇప్పటికీ రెండు వారాలకోసారి మర్చిపోతాడు. గుర్తుచెయ్యడం నా పనైంది. ఆ నిమిషాలు ఏ పద్దులో రాయాలి?

పాప మళ్ళీ బ్రష్షు పట్టుకోవడానికి నెల పట్టింది. ఇప్పటికీ రంగులో ముంచేముందు ఓసారి నా మొహంలోకి చూస్తుంది. గోడ అంచున నీలం లేతగా మిగిలే ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు అడ్వాన్సులో పట్టుకుంటే పట్టుకోనీ. పాప కళ్ళల్లో ఆ బెదురు పోవడానికి ఏం పెట్టి రుద్దాలో మాత్రం నాకింకా తెలియడం లేదు.