దీవి అక్కడ, లెక్క ఇక్కడ

రండి, ఇలా దగ్గరగా కూర్చోండి. సూరత్‌లో చలి అంటే మన ఆదిలాబాద్ వాళ్లు పడీపడీ నవ్వుతారు గానీ, జనవరి రాత్రి తాపీ ఒడ్డున గాలి తోలిందంటే స్వెట్టర్ వెతుక్కోవాల్సిందే. ఆ చలికి ఇక్కడివాళ్లు కనిపెట్టుకున్న మందు పోంక్. లేత జొన్న కంకులను నిప్పుల్లో కాల్చి, దులిపి తీసిన పచ్చటి గింజలు. అచ్చం మన ఊచబియ్యమే. కాకపోతే వీళ్లు దాని మీద నిమ్మకాయ, మిరియాల ఘాటున్న సన్న సేవ్ చల్లుకుని తింటారు. ఒక పొట్లం మీ చేతిలో పెడుతున్నాను. నములుతూ వినండి, ఓ యుద్ధం కథ చెబుతాను.

దీవుల కోసం యుద్ధం అనగానే మా ఈడు వాళ్లకు 1982 గుర్తొస్తుంది. దక్షిణ అట్లాంటిక్‌లో ఎక్కడో విసిరేసినట్టున్న ఫాక్‌లాండ్స్. ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం దిగింది, జూన్ 14న లొంగిపోయింది. మొత్తం 74 రోజులు. తొమ్మిది వందల పైచిలుకు ప్రాణాలు పోయాయి. అప్పటికి ఆ దీవుల్లో కాపురమున్న జనం రెండు వేలు కూడా లేరు. ఆ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద దిక్కయిన హెర్మీస్ ఓడను తర్వాత మనవాళ్లే కొన్నారు. 1987లో విరాట్ అని పేరు పెట్టి, ముప్ఫై ఏళ్లు వాడుకున్నారు. మ్యూజియంగా మార్చి విశాఖలో పెట్టాలని ఆంధ్ర ప్రభుత్వం కొన్నాళ్లు ఉబలాటపడింది, అయ్యే పని కాలేదు. చివరికి 38.54 కోట్లకు పాత ఇనుము కింద అమ్ముడుపోయి, 2020లో అలంగ్ ఒడ్డుకు చేరి ముక్కలైంది. అలంగ్ ఎక్కడో కాదు, మా సూరత్‌కు ఖంభాత్ సింధుశాఖ అవతలి గట్టునే.

ఫాక్‌లాండ్స్ సంగతి చాలామందికి తెలుసు. నేను చెప్పబోయేది అంతకు మూడు వందల ఏళ్ల ముందు మన పడమటి తీరంలోనే జరిగింది. దీవి బొంబాయి దగ్గర. పోట్లాడినవాళ్లు శివాజీ, ఇంగ్లీషువాళ్లు, జంజీరా సిద్దీ. పద్దులు రాసింది మాత్రం సూరత్‌లో.

ముందు చోటు చెబుతాను. బొంబాయి రేవు ముఖద్వారానికి దక్షిణంగా, అలీబాగ్ దగ్గర థల్ అనే ఊరుంది. దానికి ఎదురుగా సముద్రంలో రెండు చిన్న దీవులు. దూరంగా ఉన్నది ఖాందేరి, ఒడ్డుకు దగ్గరగా ఉన్న చిన్నది ఉందేరి. పంటా లేదు, పల్లే లేదు. పోనీ సుగంధద్రవ్యాలేమైనా పండుతాయా అంటే అదీ లేదు. మరి దేనికోసం కొట్టుకున్నారయ్యా అంటే, ఖాందేరి గుట్ట ఎక్కి కూర్చున్నవాడికి బొంబాయి రేవులోకి వచ్చే ఓడా కనిపిస్తుంది, పోయే ఓడా కనిపిస్తుంది. అది చాలదూ?

సూరత్‌కు దీనితో ఏం సంబంధం అంటారా? ఆ రోజుల్లో బొంబాయికి సొంత నోరు లేదు. పోర్చుగీసు రాజకుమార్తె పెళ్లి కట్నంలో ఇంగ్లండు రాజుకు దక్కిన ఊరది. ఆయన 1668లో ఏడాదికి పది పౌన్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కంపెనీ పెద్ద కొలువు సూరత్‌లో ఉండేది. ఇక్కడ ప్రెసిడెంటు, ఆయన కౌన్సిలు. బొంబాయిలో ఉండేది డిప్యూటీ గవర్నరు మాత్రమే. పడవ కిరాయికి తీసుకోవాలన్నా, సిపాయిని పెట్టుకోవాలన్నా, ఇక్కడినుంచి ఉత్తరం వెళ్లాలి. 1679లో ఆ కుర్చీలో ఉన్నవాడు థామస్ రోల్ట్.

సిద్దీల సంగతీ అంతే. జంజీరా కోట వాళ్లది, నౌకాదళం వాళ్లది, కానీ 1670 తర్వాత వాళ్లు ఔరంగజేబు కొలువులో చేరారు. దళం ఖర్చు సూరత్ రేవు ఆదాయం మీద పడేది. హజ్ ఓడలూ సూరత్ షావుకార్ల సరుకు ఓడలూ భద్రంగా తిరగాలంటే కాపలా కావాలి కదా. అంటే ఖాందేరి దగ్గర శివాజీకి ఎదురు నిలిచిన ఇద్దరి జీతాలూ ఈ ఊరి మీదుగానే వెళ్లేవన్నమాట.

ఇక శివాజీ పేరు చెబితే సూరత్ ఎలా ఉలిక్కిపడేదో మీకు తెలిసిందే. 1664 జనవరిలో ఒకసారి, 1670 అక్టోబరులో మరోసారి ఊరిని దోచాడు. అప్పట్లో లోకంలోకెల్లా ధనవంతుల్లో ఒకడని చెప్పుకొనే వీర్‌జీ వోరా ఇల్లు మొదటి దోపిడీలోనే ఖాళీ అయింది. అప్పుడు ఇంగ్లీషువాళ్ల వర్తక కోఠీని కాపాడుకున్న ప్రెసిడెంటు జార్జ్ ఆక్సిండెన్ ఇక్కడే 1669లో పోయాడు. కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఇంగ్లీషువాళ్ల శ్మశానంలో ఆయన గోరీ చూశారా? గుమ్మటాలు, స్తంభాలు, మేడ మీద మేడ. నవాబుగారి సమాధేమో అనుకుంటాం. బతికున్నన్నాళ్లు పైసా పైసా లెక్క చూసిన వర్తకులు గోరీ దగ్గర మాత్రం చెయ్యి విప్పారు!

సరే, యుద్ధంలోకి వద్దాం. 1677లో శివాజీ గోల్కొండ వచ్చి తానీషాతో, మాదన్నతో మంతనాలాడి వెళ్లాడని మనం చదువుకున్నాం కదా. ఆ తర్వాత రెండేళ్లకు, 1679 ఆగస్టు చివర్లో, వానలింకా తగ్గకముందే ఆయన మనిషి మాయనాక్ భండారీ నూట యాభై మందితో, నాలుగు చిన్న ఫిరంగులతో ఖాందేరిలో దిగి గోడ కట్టడం మొదలుపెట్టాడు. 1672లో ఒకసారి ఇదే ప్రయత్నం చేస్తే సిద్దీలు, ఇంగ్లీషువాళ్లు కలిసి అడ్డుపడ్డారు. ఈసారి వాళ్లు కళ్లు తెరిచేసరికే రాళ్లు లేస్తున్నాయి.

బొంబాయి నుంచి మొదట చిన్న పడవల్లో మనుషులొచ్చారు. ఈ దీవి బొంబాయిదే, ఖాళీ చేయమన్నారు. మా దొర చెబితే తప్ప కదలం అన్నాడు మాయనాక్. మాదే మాదే అంటున్న ఇంగ్లీషువాళ్లు ఆ దీవి మీద అంతకుముందు ఒక్క రాయి పేర్చిన పాపాన పోలేదు. పోర్చుగీసువాళ్లూ అది మాదేనని పక్కనుంచి గొణుగుతూనే ఉన్నారు. ఖాళీ జాగా మీద ఎవరో గోడ లేపితే గానీ మనకు పాత దస్తావేజులు గుర్తుకు రావు కదా, అదే తంతు.

సెప్టెంబరు 19న లెఫ్టినెంట్ ఫ్రాన్సిస్ థోర్ప్ దీవి మీదికి దిగబోయి చచ్చిపోయాడు. దిగొద్దు, చుట్టూ కాపలా కాయి చాలు అని అతనికిచ్చిన ఉత్తర్వు. మందెక్కువై తెగించాడని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు. అతనితో మరికొందరు పోయారు, కొందరు పట్టుబడ్డారు.

అక్టోబరు 18 తెల్లవారుజామున జరిగిందే అసలు పోరు. ఇంగ్లీషు దళంలో రివెంజ్ అనే యుద్ధనౌక ఒక్కటే చెప్పుకోదగ్గది. దాని మీద కెప్టెన్ మించిన్, ఆయనతో రిచర్డ్ కీగ్విన్ ఉన్నారు. మిగతావి చిన్నవి, చాలామటుకు కిరాయి పడవలు. తీరం వైపునుంచి దౌలత్ ఖాన్ నడిపిస్తున్న మరాఠా పడవలు అరవై దాకా ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. డోవర్ అనే ఇంగ్లీషు గురాబు ఓడ లొంగిపోయి జెండా దించేసింది. అందులోని ఇంగ్లీషు సిపాయిలను సాగర్‌గఢ్ కోటకు పట్టుకుపోయారు. కిరాయి పడవలు చూస్తుండగానే జారుకున్నాయి. వాటిని నేను తప్పు పట్టను. కూలికి వచ్చినవాడు కంపెనీ పరువు కోసం ప్రాణమెందుకిస్తాడు? రివెంజ్ ఒంటరిగా నిలబడి, చుట్టుముట్టిన పడవల్లో ఐదింటిని ముంచి, మిగతావాటిని నాగోఠణా వాగు దాకా తరిమింది.

ఇంగ్లీషు చరిత్రల్లో దీన్ని గెలుపుగానే రాసుకున్నారు. గెలుపే కాబోలు. కానీ మర్నాడూ ఆ మర్నాడూ ఖాందేరి గోడ లేస్తూనే ఉంది. రాత్రిపూట గాలి పడిపోయాక థల్, నాగావ్ వైపునుంచి సన్నటి తెడ్డుపడవలు బియ్యం, సున్నం, మందుగుండు మోసుకుని బయలుదేరేవి. నీళ్లు లోతు లేనిచోట కూడా జర్రున జారిపోయేవి. తెరచాపల పెద్ద ఓడ గాలి లేక కదల్లేదు, లోతు లేక దగ్గరికి రాలేదు. ఒక్క పడవనూ పట్టుకోలేకపోతున్నామని వాళ్లే ఉత్తరాల్లో వాపోయారు. నన్నడిగితే ఆ యుద్ధాన్ని గెలిచింది ఆ తెడ్లే. అక్టోబరు 18 లాంటి రోజులు చరిత్రపుస్తకాలకు బాగుంటాయి, అంతే.

ఈ ఉత్తరాలన్నీ వచ్చి పడేది సూరత్‌లో. ఇక్కడ కౌన్సిలులో అందరూ వర్తకులే. ఓడ పంపితే ఖర్చు, సిపాయికి జీతం, కిరాయి పడవకు కిరాయి. రాజాపూర్‌లో ఎప్పుడో దోపిడీ అయిన కోఠీకి శివాజీ దగ్గర నష్టపరిహారం రాబట్టే బేరం ఇంకా తెగలేదు. ఆయన రాజ్యంలో గుడ్డ కొనాలి, మిరియాలు కొనాలి. కొనాల్సినవాడితో కొట్లాటేమిటి? లండన్ దొరలైతే ఖర్చు తగ్గించండి మహాప్రభో అన్న పాట ఎప్పుడూ ఆపలేదు. ఊరి మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదంటారే, సూరత్ కౌన్సిలు అచ్చంగా ఆ కరణమే. మర్యాదగా రాజీ చేసుకోండి, కొట్లాటేదో సిద్దీని పడనివ్వండి అన్నదే ఇక్కడి ధోరణి. అక్కడ బొంబాయివాళ్లకు కడుపు మండిపోయింది. ఎవరిది న్యాయమో తేల్చడం నా వల్ల కాదు గానీ, కొట్టాలో రాజీపడాలో తేలకుండా నెలలు గడిస్తే అవతలివాడి గోడ లేస్తుంది. లేచింది కూడా.

నవంబరులో సిద్దీ కాసిం సూరత్ నుంచి మొగల్ దళం వేసుకుని దిగాడు. ఇద్దరూ కలిసి ఖాందేరిని కొట్టాలని మాట. నాలుగు రోజులు గడిచేసరికి ఇంగ్లీషువాళ్లకు గుబులు పట్టుకుంది. గెలిస్తే దీవిలో సిద్దీయే కూర్చుంటాడని తెలిసిపోయింది. వానాకాలం వచ్చిందంటే సిద్దీ ఓడలు బొంబాయి రేవులోనే తిష్టవేసి చేసే ఆగడాలు అప్పటికే వాళ్ల ప్రాణం తీస్తున్నాయి. శివాజీ కన్నా ఈ మిత్రుడే ప్రమాదంలా కనిపించాడు. అటు శివాజీ సైన్యం కల్యాణ్ దాకా వచ్చి బొంబాయి మీద పడుతుందని పుకారు. రాజీబేరాలు మొదలయ్యాయి.

కాసిం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. 1680 జనవరిలో పక్కనున్న ఉందేరిని ఆక్రమించి తన ఫిరంగులు ఎక్కించేశాడు. జనవరి నెలాఖరులో దౌలత్ ఖాన్ ఉందేరి మీదికి వెళ్లి, గాయపడి వెనక్కి వచ్చాడు. ఇంగ్లీషు ఓడలు ఇంటిముఖం పట్టాయి. మార్చిలో శివాజీతో ఒప్పందం కుదిరింది, ఖాందేరి ఆయనకే ఉండిపోయింది. ఏప్రిల్ 3న ఆయన కన్నుమూశాడు. ఐదు నెలల పోరులో మిగిలిందేమిటంటే, ఒకదాన్నొకటి చూసుకుంటూ రెండు శత్రుకోటలు. కాల్చుకోవడం ఆ తర్వాత దశాబ్దాలపాటు సాగింది.

రివెంజ్ మీద నిలబడిన కీగ్విన్‌ను మర్చిపోకండి. ఆయన కథ ఇంకా ఉంది. పొదుపు పిచ్చి ముదిరి కంపెనీ బొంబాయి సైన్యం జీతభత్యాలు కోసేసరికి, 1683 డిసెంబరులో ఆయనే తిరగబడ్డాడు. డిప్యూటీ గవర్నరును ఖైదు చేసి, బొంబాయి ఇక రాజుగారిది, కంపెనీది కాదన్నాడు. దాదాపు ఏడాది పాలించాడు. సిద్దీ ఓడలను రేవులోంచి వెళ్లగొట్టాడు, శివాజీ కొడుకు శంభాజీతో సఖ్యం చేసుకున్నాడు. అంటే సూరత్ ఏళ్ల తరబడి నాన్చిన రెండు పనులనూ తిరుగుబాటుదారు చేసి చూపించాడు. 1684 నవంబరులో క్షమాభిక్ష మీద ఊరు అప్పగించి ఇంటికెళ్లాడు. అంతకుముందు సెయింట్ హెలీనా దీవికి గవర్నరుగా చేసినవాడు, చివరికి 1690లో వెస్టిండీస్‌లో సెయింట్ క్రిస్టఫర్ దీవి మీదికి సైన్యాన్ని దింపుతూ పోయాడు. ఆయన జాతకంలో అన్నీ దీవులే రాసిపెట్టి ఉన్నాయి! సూరత్‌లోని పెద్ద కొలువు కూడా 1687లో బొంబాయికి తరలిపోయింది.

ఖాందేరిని 1718లో ఇంగ్లీషువాళ్లు మళ్లీ కొట్టబోయారు, మరాఠా నౌకాదళ నాయకుడు కాన్హోజీ ఆంగ్రే మనుషులు తిప్పికొట్టారు. అది వాళ్ల చేతికొచ్చింది మరాఠా రాజ్యం కూలాకే. 1867లో దీపస్తంభం కట్టారు. ఇప్పుడు దీవికి ఆంగ్రే పేరే పెట్టారు. 2025లో మరాఠాల కోటలు పన్నెండింటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అందులో ఖాందేరికీ చోటు దక్కింది. ఉందేరికి దక్కలేదు.

వెళ్లి చూస్తానంటే థల్ ఒడ్డున కోలీ జాలరుల పడవ మాట్లాడుకోండి. ఖాందేరిలో వాళ్ల వేతాళుడి గుడి ఉంది. రాయితో కొడితే కంచులా మోగే బండ కూడా ఒకటుంది, పిల్లలు సరదాపడతారు. ఉందేరికి మాత్రం ఆటుపోట్లు అడిగి తెలుసుకోండి. అక్కడ సరైన రేవు లేదు, పాకుడు రాళ్ల మీదికి దూకాలి. అన్ని ఫిరంగులను సిద్దీ కాసిం ఎలా ఎక్కించాడో గానీ, మనకైతే చెప్పులు చేత పట్టుకుని దిగడమే గగనం.