ముల్జిమ్‌కీ ముజ్రిమ్‌కీ మధ్య

మా ఇంట్లో జాసూసీ నావల్ అంటే ఇబ్నె సఫీ. ఇంకో పేరు లేదు. 1952లో అలహాబాదులో మొదలైన ‘జాసూసీ దునియా’, ఆ తర్వాత వచ్చిన ఇమ్రాన్ సిరీస్, అట్టలు ఊడిపోయి, అంచులు పసుపెక్కి అమ్మీ సందూక్‌లో పాత దుపట్టాల కింద ఉండేవి. ఫరీదీ, హమీద్ మాకు దూరపు చుట్టాల్లాంటివాళ్లు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే అబ్బా ‘ఫరీదీ దిమాగ్’ అనేవారు.

ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వచ్చాక హాస్టల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ దొరికాడు. పగలు మనుచరిత్ర, రాత్రి యుగంధర్. కానీ ఈ ఖాన్‌దాన్ పెద్దలు హోమ్స్, పాయిరో నాకు పేర్లుగానే తెలుసు. ఇంగ్లీషు నా మూడో జుబాన్. ఏజెన్సీ వార్త తర్జుమా చేయడానికి సరిపోతుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నవల చదవాలంటే మాత్రం, హంతకుడు దొరికేలోపు సబర్ అయిపోయేది.

నలభై దాటాక ఆ దర్వాజా చెవుల వైపు నుంచి తెరుచుకుంది. డెస్కు పనితో కళ్లు మంటలు. రాత్రి డ్యూటీ అయ్యాక ఆఫీసు బండిలో ఇంటికి ముప్పావు గంట. ఒక దోస్తు ఫోన్లో లిబ్రివాక్స్ పెట్టిచ్చాడు. కాపీరైటు తీరిన పుస్తకాలను వాలంటీర్లు చదివి ముఫ్త్‌గా పెడతారందులో. 2005 నుంచీ నడుస్తోంది. కాగితం మీద నన్ను బెదిరించిన పొడుగాటి వాక్యాలే, ఒక మనిషి ఊపిరి తీసుకుంటూ చదువుతుంటే సాఫ్‌గా అర్థమయ్యాయి. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద వజన్ వేయాలో ఆ గొంతే చెప్పేస్తుంది. తెలియని మాట వచ్చినా కహానీ ఆగదు, నన్ను చేయి పట్టుకుని దాటించేస్తుంది.

జాసూసీ కథ వినడంలో ఇంకో మజా ఉంది. చివరి పేజీ తిప్పి చూసే వీల్లేదు. అసలు సురాగ్‌ని రచయిత మామూలు మాటల మధ్య దాచిపెడతాడు. లక్డీకాపూల్ దగ్గర హారన్ల గోలలో అది జారిపోయిందా, మళ్లీ వెనక్కి జరుపుకుని వినాల్సిందే. హోమ్స్ కథలన్నీ అట్లా పూర్తిచేశాను. అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ విన్న రాత్రి ఇంటి ముందు బండి దిగి, గేటు తీయకుండా అట్లాగే నిలబడిపోయాను. ఎందుకో చెప్పను. చెబితే విననివాళ్ల హక్కు లాక్కున్నట్టు.

కానీ నన్ను పట్టుకుని వదలనిది విల్కీ కాలిన్స్ 1868 నాటి నవల ‘ది మూన్‌స్టోన్’. రాస్తుండగా తల్లి మరణశయ్య మీద ఉందట. తాను కీళ్లవాతంతో మంచం పట్టి, కొంత భాగం పడుకునే చెప్పి రాయించాడట. ఆ సంగతి ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు. కథ మొదలయ్యేది 1799లో, శ్రీరంగపట్నంలో. టిప్పు సుల్తాన్ కోట పడిన రోజు ఒక ఇంగ్లీషు అఫ్సర్ మనుషుల్ని చంపి పసుపు వజ్రం ఒకటి ఎత్తుకెళతాడు. యాభై ఏళ్ల తర్వాత ఇంగ్లండులో, ఒక అమ్మాయి సాల్‌గిరా రాత్రి, అదే వజ్రం మాయమవుతుంది. ఒక్కో గవాహ్ వచ్చి తాను చూసినంత మేరకే చెబుతాడు. అంటే నవల మొత్తం గవాహీలే. చెవితో వినడానికే పుట్టినట్టుంటుంది.

దొంగతనం జరగ్గానే షక్ ఎవరి మీదికి పోయింది? ఊళ్లో తిరుగుతున్న ముగ్గురు హిందుస్తానీల మీదికి. ఆ రాత్రి వాళ్లు వేరే చోట ఉన్నారని గవాహీ ఉన్నా, ఏదో సాకుతో వారం రోజులు జైల్లో పెడతారు. తర్వాత షక్ రొజానా అనే పనిమనిషి మీదికి పోతుంది, ఒకప్పుడు చోరీ చేసిందని. అక్కడ నేను ఆపేసి, కాసేపు ఏమీ వినలేదు.

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ముల్జిమ్ అంటే ఇల్జామ్ మోస్తున్నవాడు. ముజ్రిమ్ అంటే జుర్మ్ రుజువైనవాడు. తెలుగులో నిందితుడు, దోషి. రెండు జుబాన్లూ ఈ ఫరక్‌ని ఎంత జాగ్రత్తగా కాపాడాయో! డెస్కులో ఏళ్ల తరబడి నా పని ఆ ఫరక్‌ని హెడ్డింగులో నిలబెట్టడమే. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను ఎందరినో పట్టుకెళ్లారు. తర్వాత కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. పట్టుకెళ్లిన వార్త ఎంత పెద్దది, విడుదలైన వార్త ఎంత చిన్నదో పేపర్లు చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పేరు చూసి షక్ పడటం ఎట్లా ఉంటుందో మా మొహల్లాలో ఎవరినడిగినా చెబుతారు.

మంచి జాసూసీ నావల్ బతికేది ముల్జిమ్‌కీ ముజ్రిమ్‌కీ మధ్య ఉన్న ఆ జాగాలోనే. మొదటి షక్ దాదాపు ఎప్పుడూ గలతే. షక్‌కి సుబూత్ కావాలి, సుబూత్‌కి ఓపిక కావాలి. తఫ్తీష్ చేసేవాడు తొందరపడితే ఎవరి జిందగీయో పాడవుతుంది. దీన్ని టైంపాస్ సాహిత్యం అని తేల్చేసేవాళ్లతో ఇక నాకు పేచీయే.

అమ్మీకిప్పుడు చూపు సరిగా ఆనదు. ఇబ్నె సఫీ అక్షరాలు అలుక్కుపోతున్నాయంటుంది. అందుకే రాత్రి విన్న భాగాన్ని పొద్దున చాయ్ దగ్గర దక్కనీలో ఆమెకు చెప్పడం అలవాటైంది. మూన్‌స్టోన్‌కి పద్దెనిమిది పొద్దులు పట్టింది. పేర్లు నోరు తిరగక సార్జెంట్ కఫ్‌ని ‘గులాబోంవాలా’ చేసేసింది, ఆయనకు గులాబీ మొక్కల పిచ్చి కదా. ఒకరోజు నన్ను మధ్యలో ఆపి అడిగింది: “ఠైర్ బేటా. యే దూస్రీ చోరీకు ఇత్తీ తఫ్తీష్ కర్‌రైఁ. పహెలీ చోరీకు కౌన్ పూఛా?”

నిజమే. శ్రీరంగపట్నంలో జరిగిన ఖూన్‌కీ చోరీకీ ఏ సార్జెంటూ రాలేదు. మూడు నెలల్లో పుస్తకం రెండుసార్లు విన్నాను, నాకీ సవాల్ తట్టలేదు. “ఎవరూ అడగలేదమ్మీ” అన్నాను. “తో లిఖ్నేవాలా జాన్‌కే ఛోడా,” అంది, చాయ్ చప్పరిస్తూ. రాసినవాడు తెలిసే వదిలాడట.

ఇప్పుడు ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ నడుస్తోంది. నేను పాతిక అధ్యాయాలు విన్నా పట్టుకోలేనిదాన్ని ఆమె రెండో చాయ్ లోపే పట్టేస్తోంది. ముజ్రిమ్ ఎవరో నాలుగో రోజే చెప్పేసింది. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. సుబూత్ చూపించమన్నాను.