పెళ్లి క్యాసెట్లో లేని బూర

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక పనికిమాలిన పని పెట్టుకున్నాను. (పనికిమాలినదని మా ఆవిడ అభిప్రాయం లెండి.) మా అక్క పెళ్లి వీడియో క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించడం. 1996 మే నెల, దేవరకొండ. బావగారిది కల్వకుర్తి. అప్పటి లెక్కలో మాది నల్లగొండ జిల్లా, వాళ్లది మహబూబ్‌నగర్.

నాన్నకి ఎనభై దాటాయి. పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తుంటే ఎదుర్కోళ్లు వచ్చాయి. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, పూరీల్లా పొంగిన బుగ్గలు... బ్యాండు మాస్టరు కార్నెట్ ఊదుతున్నాడు. నాన్న కాసేపు చూసి, "గాయన ఊదుతుండు గని బూర ఇనొస్తలేదేందిరా?" అన్నాడు.

నిజమే. వినిపిస్తున్నది ఏదో సినిమా పాట! ఆ రోజుల్లో పెళ్లి వీడియో తీయించుకున్నవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. మిక్సింగ్ చేసేటప్పుడు అసలు చప్పుడంతా తీసేసి, పైన సినిమా పాటలు వేసేవాళ్లు. బ్యాకప్ లేకుండా డేటా డిలీట్ చేయడమంటే ఇదే. అప్పుడు మేమే డబ్బులిచ్చి మరీ చేయించుకున్నాం.

ఇంతకీ పోయింది ఏమిటంటే... 1961 నాటి సీతారామ కళ్యాణం సినిమాలో గాలి పెంచల బాణీ కట్టగా సుశీల పాడిన పెళ్లి పాట ఉంది చూడండి, దాన్ని మాస్టరు ఎదుర్కోళ్లప్పుడు హుషారుగా వాయించాడు. అప్పగింతలప్పుడు మళ్లీ అదే పాట. ఈసారి డ్రమ్ములు ఆపించి, ఒక్కడే, బాగా నెమ్మదిగా. మా నాన్న ఏడవగా నేను చూసింది అదే మొదటిసారి.

కార్నెట్‌కి ఉండేవి మూడు పిస్టన్లే. ఒకటి నొక్కితే స్వరం ఇంత దిగాలని లెక్క. మన గమకాలకి ఆ లెక్క సరిపోదు. పిస్టన్ సగం నొక్కి, మిగతాది పెదవితో లాగాలి. నిజానికి గమకానికి పనికొచ్చేది ట్రాంబోను. దానికి గొట్టం ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి స్వరం జారుతూ వెళ్తుంది. మా ఊరి బ్యాండులో ట్రాంబోను ఉండేది కానీ, పాపం దానికి సోలో ఎప్పుడూ దక్కలేదు. వెనక నిలబడి భోం భోం అనడమే.

ఆ రాత్రి నిద్ర పట్టక యూట్యూబులో పడ్డాను. పారిస్‌లో ఆర్బన్ (1825-1889) అని ఒక కార్నెట్ పండితుడు. 1864లో ఆయన రాసిన పాఠాల పుస్తకంతోనే ఇప్పటికీ ట్రంపెట్ నేర్చుకుంటున్నారు. ఆయన 'కార్నివాల్ ఆఫ్ వెనిస్' విన్నాను. తర్వాత అమెరికాలో సూసా బ్యాండు ట్రాంబోను విద్వాంసుడు ఆర్థర్ ప్రయర్ కట్టిన 'బ్లూ బెల్స్ ఆఫ్ స్కాట్లాండ్'. రెండిట్లోనూ పద్ధతి ఒకటే. ముందు జనానికి తెలిసిన పాటని సాదాగా వాయించి, తర్వాత దాని మీద ఒకదాన్ని మించి ఒకటి సంగతులు వేయడం. అరె, మా మాస్టరు చేసింది కూడా ఇదే కదా! కాకపోతే వాళ్లవి కాగితం మీద ఉన్నాయి. ఇవాళ ఎవరైనా వాయించవచ్చు. మా మాస్టరుది గాలిలో ఉండింది, గాలిలోనే పోయింది.

మర్నాడు వెతుక్కుంటూ వెళ్లాను. మాస్టరు ఉన్నాడు. కార్నెట్ కూడా ఉంది, గోడకి, గుడ్డ కట్టి. కొడుకు డీజే నడుపుతున్నాడట. "ఒక్కసారి వాయించవా కాకా" అంటే నవ్వి, "పండ్లు పోయినయి బిడ్డా. పండ్లు లేకుంటె పెదవి ఆగదు. పెదవి ఆగకుంటె బూర యాడ పలుకుతది?" అన్నాడు. నాకు తిరిగి ఏమనాలో తోచలేదు. మా అన్న కొడుకు పెళ్లికి డీజే మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చింది నేనే మరి.

నా మొహం చూసి జాలిపడ్డాడేమో, నోటితోనే ఆ పాట మొదలుపెట్టాడు. కుడిచేతి మూడు వేళ్లు మోకాలి మీద పిస్టన్లు నొక్కుతూనే ఉన్నాయి. ఫోన్లో రికార్డు చేసుకున్నాను, రెండు నిమిషాలు కూడా లేదు.

ఇంటికొచ్చి నాన్నకి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విని, "అప్పగింతలప్పుడు ఇంకింత నిదానంగ ఊదిండు" అన్నాడు. ముప్పై ఏళ్ల కిందటి రికార్డింగ్, క్యాసెట్లో లేనిది ఆయన దగ్గర ఉంది!

మీ ఊళ్లో ఈ ఎండాకాలం పెళ్లికి బ్యాండు వస్తే, దయచేసి ఒక్క వీడియో తీసి దాచండి. పైన పాట మాత్రం పెట్టకండి.