పాలగిన్నె పక్కన పెట్టండి

"పొద్దుటి నుంచి పాలు పోస్తున్నాం నాయనా, ఒక్క గుక్క తాగడం లేదు," అంటూ ఆ పెద్దావిడ అట్టపెట్టెను మా పశువుల ఆసుపత్రిలో నా బల్ల మీద పెట్టారు. అక్టోబరు చివరి వారం. ఇంగ్లండులో అప్పటికే తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకునే రోజులు. ప్రకాశం జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఆవిడ, పట్టపగలు పెరట్లో కదలకుండా పడి ఉన్న ముళ్ల ఉండను చూశారు. ముళ్లపంది పిల్ల అనుకుని తువ్వాలులో చుట్టి తెచ్చారు.

అది ముళ్లపంది కాదు. మన అడవుల్లోని ముళ్లపంది, అంటే ఏదుపంది, ఎలుకల తెగది. దుంపలూ వేళ్లూ తింటుంది. ఇది హెడ్జ్‌హాగ్. ముళ్లు తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. ఇది చుంచుకు దగ్గరి బంధువు. పేడపురుగులు, గొంగళిపురుగులు, వానపాములు దీని తిండి. దక్షిణ భారతంలోని మెట్ట నేలల్లో, ముళ్లపొదల్లో దీని కుటుంబానిది ఒకటి ఉంది. మద్రాస్ హెడ్జ్‌హాగ్ అంటారు. ఆంధ్రలోనూ ఉంది కానీ రాత్రిపూటే తిరుగుతుంది కనుక చూసినవాళ్లు తక్కువ.

పిల్లను తూచాను. 210 గ్రాములు. పొట్ట కింద వేలు పెడితే చల్లగా తగిలింది. ఆరోగ్యంగా ఉన్న హెడ్జ్‌హాగ్ ఒంటి వేడి సుమారు 35 డిగ్రీలు. పొట్ట మన అరచేతికి వెచ్చగా తగలాలి. రాత్రి తిరగాల్సిన జీవి పగటివెలుగులో పచ్చిక మీద ఒరిగి ఉందంటే, అది ఎండ కాగుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చలితో, నీరసంతో పడిపోయి ఉంటుంది.

"ముందు కాస్త ఏమైనా పెట్టండి, ఆకలితో ఉంది," అన్నారావిడ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ పనిలో నా మొదటి ఏడాది గుర్తొస్తుంది. ఇంతే ఉన్న పిల్లను తెస్తే, జాలి ఆగక సిరంజితో నోట్లో తిండి పెట్టాను. మింగింది. నేను సంతోషంగా ఇంటికి వెళ్లాను. తెల్లారేసరికి చచ్చిపోయింది. చల్లబడిన ఒంట్లో పేగులు పనిచేయవు. లోపలికి వెళ్లిన తిండి అరగదు, ఉన్న కాస్త సత్తువనూ లాగేస్తుంది. ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. ఈ వరస తప్పితే ఎంత మంచి తిండైనా విషమే. ఈ మూడు మాటలూ నాకు ఒక ప్రాణం పోయాక వంటబట్టాయి.

పాల సంగతి మరీ ముఖ్యం. మన ఇళ్లలో ఏ ప్రాణి మీద జాలి కలిగినా చేయి ముందు పాలగిన్నె మీదికే పోతుంది. ఇంగ్లండు వాళ్లకూ ఈ అలవాటు తరతరాలుగా ఉంది. రాత్రి పెరట్లో పాలూ రొట్టే పెట్టేవారు. పాలలోని చక్కెరను హెడ్జ్‌హాగ్ అరిగించుకోలేదు. విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లో నీరు పోయి, అంత చిన్న ప్రాణి ఎంతోసేపు నిలవదు. ఇంట్లో దొరికితే చేయాల్సింది కొంచెమే: ఎత్తు గోడల పెట్టె, అడుగున పాత న్యూస్‌పేపర్లు, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా, చీకటిగా ఉండే మూల. సీసా చల్లారిపోతే అదే ఒంటి వేడిని లాగేస్తుంది కనుక మారుస్తూ ఉండాలి. అక్కడినుంచి ఆలస్యం లేకుండా తెలిసినవాళ్ల దగ్గరికి చేర్చాలి.

ఆ పిల్ల అక్టోబరులో 210 గ్రాములే ఎందుకుందో చెబితేగానీ ఆవిడకు నిలకడ చిక్కలేదు. సెప్టెంబరులో పుట్టే రెండో ఈత పిల్లలకు కొవ్వు పట్టే వ్యవధి ఉండదు. నవంబరు నుంచి మార్చి దాకా ఇవి శీతాకాల నిద్రలో ఉంటాయి. మెలకువలో నిమిషానికి 190 దాకా కొట్టుకునే గుండె ఆ నిద్రలో 20కి పడిపోతుంది. ఆ నిద్ర దాటాలంటే కనీసం 450 గ్రాములైనా ఉండాలి. మేము 600 దాటించాలని చూస్తాం. అంటే ఆ పిల్ల చలికాలమంతా మా దగ్గరే ఉండాలి.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ప్రాణం నిలబెట్టడం కొన్ని రోజుల పని. నెలల తరబడి ఉంచుకుని పాడుచేయకుండా ఉండటం అంతకన్నా కష్టం. ఒకాయన తన గదిలో ఒక హెడ్జ్‌హాగ్‌ను చలికాలమంతా పెంచాడు. అది ఎండు పురుగుల్ని ఆశగా తింటోందని రోజూ అవే పెట్టాడు, చేత్తో అందించాడు. ఫిబ్రవరిలో అది నడవలేకపోతే నా దగ్గరికి తెచ్చాడు. ఎక్స్‌రేలో ఎముకలు నీడల్లా కనిపించాయి. ఆ పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. లోటును ఒళ్లు తన ఎముకల్లోంచే తీసుకుంటుంది. వంగిపోయిన కాళ్లు తిరిగి రాలేదు. శాశ్వతంగా నిద్రపుచ్చే సూది వేయక తప్పలేదు. ఆయన గోడకు ఆనుకుని పిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ప్రేమలో లోటు లేదు. అది ఇష్టంగా తినేదీ దానికి కావలసిందీ ఒకటే అనుకోవడమే పొరపాటు.

అందుకే మా దగ్గర తిండి మాంసం ఎక్కువగా ఉండే పిల్లుల, కుక్కల తిండే. ఒక్కో పంజరంలో ఒక్కటే. ఒంటరిగా బతికే జీవులు, కలిపి ఉంచితే కొట్టుకుంటాయి. దాక్కోవడానికి ఒక గూడు, దూరడానికి చించిన కాగితాలు. రోజూ ఒకే వేళకు తూకం. బరువు పెరగకపోతే మలాన్ని మైక్రోస్కోపు కింద చూస్తాం. నత్తల ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరే పురుగు వీటిలో చాలా మామూలు. ముట్టుకోవాల్సి వస్తే గ్లవుజులు. ముళ్ల కోసమే కాదు, వీటి చర్మం నుంచి తామర మనకు అంటుకుంటుంది. గదిలో రేడియో ఉండదు. పేర్లు పెట్టం. ముద్దు చేయం.

కొత్తగా చేరిన నర్సుకు ఇది రాతిగుండెలా అనిపించింది. అదే వారం గడ్డికోత యంత్రం కింద పడి ముందుకాలు తెగిన పెద్ద హెడ్జ్‌హాగ్ వచ్చింది. "బతికించి ఇక్కడే ఉంచుకుందాం," అంది. రాత్రికి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగే ప్రాణి అది. ముందుకాలు లేకపోతే నేల తవ్వుకోలేదు. ఇక జీవితాంతం మనుషుల వాసన మధ్య, నాలుగు గోడల మధ్య ఉండాలి. ప్రతి అలికిడికీ ఉండచుట్టుకునే జీవికి దాన్ని బతుకని నేను చెప్పలేకపోయాను. ఆ సూది కూడా నేనే వేశాను. ఇంతవరకూ ఆ నిర్ణయం నాకు ఒక్కసారీ తేలిక కాలేదు.

2020లో బ్రిటన్ అడవి క్షీరదాల ఎర్రజాబితాలో హెడ్జ్‌హాగ్‌ను అంతరించే ముప్పు ఉన్నవాటిలో చేర్చారు. పొదలు పోయాయి, పురుగులు తగ్గాయి, పెరళ్ల చుట్టూ కంచెలు బిగుసుకున్నాయి. అందుకే పెద్దావిడ కొడుక్కి నేను మందు చీటీ రాయలేదు. కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కంత ఒకటి చేయించమన్నాను. పక్కింటివాళ్లూ ఒప్పుకున్నారు.

ఏప్రిల్ చివర్లో, మంచు పడే రాత్రులు పోయాక, 640 గ్రాముల ఆ పిల్లను దొరికిన పెరట్లోనే చీకటి పడే వేళ దించాం. పెద్దావిడ అప్పటికే ఊరికి వెళ్లిపోయారు. వీడియో కాల్‌లో ఉన్నారు. అక్కడ అర్ధరాత్రి దాటింది. నేను పెట్టెలోకి చేయి పెట్టగానే అది బుస్సుమని ముళ్లు నిక్కించి ఉండచుట్టుకుంది.

"ఆరు నెలలు సాకితే నిన్నే పొడుస్తోందే నాయనా!"

"అలా పొడవాలనే అమ్మా, ఇన్నాళ్లూ మేం దూరంగా ఉన్నది."

కాసేపటికి ముక్కు బయటపెట్టింది. గాలి వాసన చూసి, పొద కిందికి, అక్కడినుంచి కంచె కంతలోంచి అవతలికి వెళ్లిపోయింది. ఫోన్‌లో కొంచెంసేపు మాట లేదు. తర్వాత అడిగారు: "మళ్లీ వస్తే ఏం పెట్టమంటావు?"

"వెడల్పాటి పళ్లెంలో నీళ్లు చాలమ్మా."

"నీళ్లేగా," అన్నారావిడ. "రోజూ పోయమని మా వాడికి చెబుతాను."