జ్వరం కాదు, నెలసరి

మా హాస్టల్ లీవ్ లెటర్లు చదివితే ఆడపిల్లలకి నెలనెలా జ్వరం వస్తుందనుకోవాలి. పొత్తికడుపు మెలిపెట్టినా, నడుము పట్టేసినా, తొడలు లాగేస్తున్నా కాగితం మీద రాసేది "జ్వరం" అనే. షాపులో ప్యాడ్లు పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తారు. మనమేమో నొప్పిని కూడా అలాగే చుట్టి దాచేస్తాం.

నిజానికి ఈ నొప్పికి స్పష్టమైన కారణం ఉంది. గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. దాంతో అక్కడికి రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. కొందరికి వాంతులు, విరేచనాలు కూడా వాటివల్లే. "ఆ మాత్రం ఓర్చుకోలేవా" అనేవాళ్లకి ఇదీ జవాబు.

పోయిన సెమిస్టర్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజునే నాకు డేట్ వచ్చింది. "మూడు గంటలు నిలబడాలి కదే, మరకల భయం ఉండదు" అంటూ రూమ్మేట్ టాంపాన్ ఇచ్చింది. మొదట భయమేసింది కానీ, సరిగ్గా అమరాక ఉన్నట్టే తెలియలేదు. 8 గంటలు దాటకుండా మార్చాలి, లేకపోతే టాక్సిక్ షాక్ అనే అరుదైన ప్రమాదం ఉందని కూడా తనే చెప్పింది.

మరకల భయం పోయింది, నొప్పి పోలేదు. ప్యాడైనా టాంపానైనా రక్తాన్ని పీల్చుకుంటాయి తప్ప కండరం బిగింపుని ఆపలేవు. ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే తగ్గిస్తాయి. అందుకే నొప్పి ముదరకముందే, ఏదైనా తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి. అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగు పెట్టుకున్నా ఉపశమనమే.

ల్యాబ్‌లో మాత్రం వేడినీళ్ల బ్యాగు ఎక్కడిది? "మేడమ్, పీరియడ్స్ నొప్పి. కాసేపు కూర్చోవచ్చా?" అని అడిగేశాను. ఆవిడ స్టూలు జరిపి, "వైవా కూడా కూర్చునే చెప్పమ్మా" అన్నారు. పక్క బెంచీల్లో అబ్బాయిలు విన్నారు. ఏమీ కాలేదు.

2023 జనవరిలో కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం అమ్మాయిలకి సెమిస్టర్‌కి 2 శాతం హాజరు సడలింపు ఇచ్చింది. ఆ నెలలోనే కేరళ ప్రభుత్వం దాన్ని మిగతా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకీ వర్తింపజేసింది. 75 శాతం ఉండాల్సిన చోట 73 చాలు. విద్యార్థులు పేరు పెట్టి అడిగారు కాబట్టే అది వచ్చింది.

డాక్టర్ దగ్గరైనా అంతే. మాత్రలకి లొంగని నొప్పి, రాన్రానూ పెరిగే నొప్పి ఎండోమెట్రియోసిస్ కావచ్చు. ఉన్నది ఉన్నట్టు చెబితేనే వైద్యం అందుతుంది.