ప్రెస్టను పానశాలలో యక్షప్రశ్నలు

పానశాలకు పోయి వచ్చితినని వ్రాయుటకు నా కలము కొంచెము జంకుచున్నది. మా వారు బడిపంతులుగారు; ఈ పత్రిక వారి పాఠశాలలో పదిమంది చేతులు మారును. అయినను పోయిన మాట నిజము.

మా అక్క కూతురు ఇంగ్లండులో, లాంకషైరు మండలమున, ప్రెస్టను పట్టణమందు చదువుకొనుచున్నది. అచ్చటనే పుట్టి పెరిగిన యొక నల్లజాతి యువకుని వివాహమాడ దలచితినని తల్లికి తెలిపినది. ఆతని తాతలు జమైకా ద్వీపమునుండి వలస వచ్చినవారట. అది విన్నది మొదలు మా అక్కకు అన్నము సయింపలేదు. "నీవు పోయి కన్నులార చూచి రావే" యని నన్ను పంపినది. వేసవి సెలవులలో పది దినములుంటిని.

ప్రెస్టను ఒకప్పుడు నూలుమిల్లుల పట్టణము. ఆ మిల్లులు మూతబడినవి గాని, పనివారికై కట్టిన ఎర్ర యిటుకల యిండ్లు బారులు తీరి నిలిచియే యున్నవి. గుజరాతీలు పెక్కుమంది కాపురమున్నారు గనుక కందిపప్పునకు కొదవ లేదు. వాన మాత్రము మన శ్రావణమాసపు ముసురువలె విడువక కురియును.

ఒకనాటి సాయంకాలము "పిన్నీ, నేడు క్విజ్ రాత్రి, రమ్ము" అని పిల్ల నన్ను పానశాలకు తీసికొనిపోయినది. త్రాగి తూలువారిని చూడవలసి వచ్చునని బెదరితిని. అచ్చట అవ్వలు, తాతలు, నూతన దంపతులు, బల్లక్రింద నిద్రించు కుక్క యొకటి! బల్లకు ఆరుగురు చొప్పున జట్టులుగా కూర్చుండిరి. ప్రతి జట్టునకు ఒక పేరు, ఒక కాగితము, ఒక పెన్సిలు. ఒకాయన మైకు పట్టుకొని ప్రశ్నలు చదువును. అందరు తలలు చేర్చి గుసగుసలాడి జవాబులు వ్రాయుదురు. 1976లో షారన్ బర్న్స్, టామ్ పోర్టరు అను ఇరువురు, జనము పలుచగానుండు రాత్రులలో పానశాలలకు మనుష్యులను రప్పించుటకై యీ పోటీలను దేశమున వ్యాపింపజేసిరట. యక్షుని ప్రశ్నలకు బదులు చెప్పక నీరు త్రాగిన తమ్ములు నలుగురును కూలిరి గదా! ఇచ్చట తప్పు చెప్పినవారికి నవ్వులే శిక్ష. కుంకుమపువ్వు పుష్పములో నే భాగమని యడిగినపుడు కీలాగ్రమని నేను చెప్పగా మా జట్టున కొక మార్కు వచ్చినది. ఆ యువకుడు నాకై అల్లపు పానీయము తెచ్చి, మద్యము లేదని చూపుటకు సీసా పేరు నావైపు త్రిప్పి పెట్టినాడు.

మూడవ విడతలో నీ ప్రశ్న వచ్చినది: "1958లో అమెరికాలో గాలప్ సంస్థవారు, తెల్లవారికిని నల్లవారికిని జరుగు వివాహములు మీకు సమ్మతమా యని యడుగగా, నూటికెందరు ఔననిరి?" నేను ఇరువది యంటిని. మా బల్లవద్ద కూర్చున్న యవ్వ ముప్పది యన్నది. యువకుడు పది యనెను. జవాబు నాలుగు! గది యంతయు ఒక్క క్షణము నిశ్శబ్దమయ్యెను. 2021లో అదే ప్రశ్నకు తొంబదినలుగురు ఔననిరని చెప్పగా ఈలలు వేసిరి. ఆ 1958లోనే రిచర్డు లవింగు, మిల్‌డ్రెడ్ అను దంపతులు వాషింగ్టనులో పెండ్లాడి వర్జీనియాకు మరలిరాగా, అర్ధరాత్రి పడకగదిలోనే వారిని నిర్బంధించిరి. 1967 జూను 12న సుప్రీముకోర్టు కొట్టివేయువరకు పదునారు రాష్ట్రములలో నట్టి చట్టములుండెను.

"మాకు చట్టము లేదు, చూపులుండెడివి" అని యవ్వ నెమ్మదిగా ననెను. మరునాడు మమ్ము చేరువనున్న బాంబరు బ్రిడ్జికి తీసికొనిపోయినది.

అచ్చట పూరికప్పుతో నొక పాత పానశాల కలదు. 1943లో ఆ యూరిలో అమెరికా సైన్యపు నల్ల పటాలము విడిసియుండెను. తెల్లవారికి నల్లవారికి వేరు వేరు స్థలములుండవలెనని ఆ దేశపు అధికారులు పట్టుబట్టగా, ఊరి పానశాలలవారు "నల్ల సైనికులకు మాత్రమే" యని పలకలు గట్టిరని చెప్పుకొందురు. జూను 24వ తేది రాత్రి తెల్ల సైనిక పోలీసులు నల్ల సైనికులను పట్టబోగా, ఊరివారు సైనికుల పక్షమే వహించిరి. తుపాకులు మ్రోగినవి, విలియం క్రాస్‌లాండు అను సైనికుడు మరణించెను. 2022లో ఆ పానశాల కెదురుగా నొక స్మారకవనము నిర్మించిరి.

అవ్వ మరియొకటి చెప్పినది. ఆ నల్ల సైనికులకును ఇంగ్లండు స్త్రీలకును సుమారు రెండువేల శిశువులు జన్మించిరని యంచనా. వివాహమునకు పై యధికారి యనుమతి కావలెను. అది దొరకెడిది కాదు. పెక్కు శిశువులు అనాథాశ్రమముల పాలైరి. పానపాత్ర యందించిన యూరివారే, ఆ బిడ్డ నెత్తుకొని వీథి నడచు తల్లిని చూచి మొగము త్రిప్పుకొనిరట. సైనికునకు పానీయమిచ్చుట వేరు, అల్లుడా యని పిలుచుట వేరు.

ఇది విని వారిని నిందింప నోరు తెరచి మరల మూసికొంటిని. గాలప్ వారు మా యరుగుమీదికి వచ్చి యడిగిన, సత్యవతీ శంతనుల కథ చదివినదానను గనుక వెంటనే సమ్మతమందును. బంగాళీ కన్య యగు సరోజినికి మన గోవిందరాజులు నాయుడుగారితో 1898లో మద్రాసున వీరేశలింగము పంతులుగారు వివాహము జరిపించిరని గర్వముగా గూడ చెప్పుదును. మరి విమానములో నంతసేపు నేను తలపోసినదేమి? ఆ పిల్లవాని వర్ణము ఫోటోలో నెట్లుండునో యని! సిగ్గు విడిచి వ్రాయుచున్నాను.

2011 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సులలో జంటలుగా నున్నవారిలో నూటికి తొమ్మండుగురు అన్యజాతివారితో కాపురము చేయుచున్నారని తేలినది, భారతీయులలో పన్నిద్దరు. ఈ లెక్కలు గూడ వ్రాసికొని, ఆ రాత్రి అక్కకు టెలిఫోను చేసితిని. పిల్లవాడు ఆసుపత్రిలో నర్సు పని చేయుచున్నాడనియు, మాట నెమ్మది యనియు, సీసా సంగతియు చెప్పితిని. అక్క చాలసేపు పలుకలేదు. పిమ్మట, "వాని తల్లి యేమనుచున్నది?" అని యడిగినది.

ఈ ప్రశ్న నాకు తోచనే లేదు. పిల్లను పిలిచి యడిగితిని. అది నవ్వినది. "ఆమెయు రెండు నెలలు కుమారునితో మాటాడలేదు పిన్నీ. మనవాళ్లు తనను చిన్నచూపు చూతురని భయము."

అదే మాట అక్కకు చెప్పితిని. మరల నిశ్శబ్దము.

"ఆమె నెంబరు పంపుము" అన్నది అక్క. "నాకు ఇంగ్లీషు రాదు; నీవు ప్రక్కన నుండి చెప్పవలెను సుమా."